ఒరోంజో తెచ్చిన బ్యాండు

సాన్ రోక్కో ఉత్సవం రోజు సాయంత్రం మా ఊళ్లో అందరిదీ ఒకటే ప్రశ్న: బ్యాండు వచ్చిందా? స్వామి విగ్రహాన్ని భుజాల మీదికి ఎత్తితే, బ్యాండు ముందు నడవగా ఊరు చుట్టి వచ్చేదాకా దించకూడదు. బ్యాండు లేకుండా కదలనూ కూడదు. ఎత్తమని రుమాలు ఊపాల్సింది పంతలేయో. కమిటీ పెద్దగా అతనికిదే మొదటి ఉత్సవం. దొనాతా నడిపే కాఫీ కొట్టు ముందు ఆ రుమాలు నలుపుతూ నిలబడ్డాడు.

వ్యానేసుకుని తరంతో పట్నం నుంచి బ్యాండును తేవడానికి వెళ్లిన ఒరోంజో ఒంటరిగా వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"బ్యాండేదిరా?" అన్నాడు పంతలేయో.

"కింద కోట గుమ్మం దగ్గర దింపాను అన్నా, టోపీలు సర్దుకుంటున్నారు. ముందు నేనెలా తెచ్చానో విను. పెద్ద రోడ్డు మీద బళ్లు కదలడం లేదు, సరే అని పాత ఊళ్లలోంచి కొట్టాను. మార్తీనాలో సందు ఎంతుందంటే, అద్దాలు మడిచి దూరితే అటు వెంట్రుకంత, ఇటు వెంట్రుకంత. కిటికీలో ఓ ముసలమ్మ మిరపకాయలు వేయిస్తోంది. పోతూ పోతూ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను."

"కాలలేదూ?" అంది దొనాతా లోపల్నుంచి.

"ఆ వేగానికి చల్లారిపోయిందక్కా. ఆ తర్వాత లోకోరొతోందో. ఊరే గుండ్రం, సందులూ గుండ్రం. ఎంత స్పీడు పోయానంటే, నా ముందు ఎవడో నెమ్మదిగా పోతున్నాడు, తప్పుకోరా అని హారన్ కొట్టాను. చూస్తే అవి నా వ్యాను వెనక లైట్లే!"

ఎవరూ నవ్వలేదు. గుడి మెట్ల మీంచి పూజారి మనిషి కేకేశాడు: "ఎత్తమంటారా? పొద్దు వాలిపోతోంది!"

"ఎత్తమను అన్నా, వచ్చేస్తారు," అన్నాడు ఒరోంజో. "అసలు సంగతి ఒస్తూనిలో. సందు సన్నమైపోయింది. లావుపాటి డోలువాణ్ణి ఎడంపక్కకి జరగమన్నాను, బండి రెండు చక్రాల మీద లేచింది. అయినా చాలలేదు. ఏం చేశానో తెలుసా? మెట్ల మీంచి మిద్దెక్కించాను. మిద్దె మీంచి మిద్దెకి, ఆరేసిన దుప్పట్లన్నీ చుట్టుకుపోయి బండి పెళ్లికూతురిలా తయారైంది. చివరి మిద్దె మీంచి గంటస్తంభం మీదుగా దూకించాను. గాల్లో ఉండగానే వాళ్లు ఓ పాట మొత్తం వాయించేశారు!"

"నిజంగా కిందే ఉన్నారా?"

"సాన్ రోక్కో మీద ఒట్టు."

పంతలేయో రుమాలు పైకెత్తాడు. దొనాతా గబుక్కున వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఒరోంజో, లేచి వెనక్కి తిరుగు."

"ఎందుకక్కా?"

"తిరగరా."

తిరిగాడు.

"వీపంతా గోడ సున్నం. పొట్టంతా బండి మసి. బండి నడిపినవాడికి ఇవి రెండూ ఎలా అంటుతాయిరా? గోడకీ బండికీ మధ్య పాక్కుంటూ బయటపడ్డావు. ఎక్కడ ఇరికించావు?"

ఒరోంజో మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఒస్తూనిలోనే. పోయినేడు అదే సందులో సుఖంగా పట్టిందక్కా. ఏటేటా గోడలకి సున్నం కొడతారు కదా, పూత మీద పూత. ఈ ఏటి పూత సంగతి మర్చిపోయాను. ఎవడిదో మోటారు సైకిలెక్కి వచ్చాను."

పంతలేయో చెయ్యి కిందికి జారింది. "మరి లోపలున్నవాళ్లు?"

"వాళ్లకేం అన్నా! తలుపులే తెరుచుకోవు గానీ, ఊరంతా చుట్టూ మూగింది. నేను బయల్దేరేసరికి వాయించడం కూడా మొదలెట్టారు."

గుడి మెట్ల మీంచి మళ్లీ కేక వినబడింది. పంతలేయో అటు తిరగలేదు.

"కానీ ఒక్క మాట," అన్నాడు ఒరోంజో, గొంతు తగ్గించి. "ఆ ఇరుకులో బండి కిటికీలోంచి బయటపడ్డ మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే."