గొర్రె గొట్టం మీద దీర్ఘం

ముప్పై నాలుగేళ్ల కిందట, జూన్ నాలుగో తేదీ ఉదయం పది గంటలకు, ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న ఆమె ఈ వైరస్ పరీక్షా కేంద్రంలో తాత్కాలిక సహాయకురాలిగా చేరారు. జంతువులకు, మొక్కలకు, శిలీంధ్రాలకు సోకే రియో వైరస్‌ల కుటుంబం ఆమెకు అప్పగించిన విభాగం. ఆ వైరస్‌ల జన్యుపదార్థం ముక్కలుగా ఉంటుంది. దానిని జెల్‌లో విడదీసి, చీకటి గదిలో అతినీలలోహిత దీపంపై ఉంచితే ఒక్కో ముక్క ఒక్కో గీతగా వెలుగుతుంది. గొర్రెల నీలినాలుక వైరస్‌కు పది గీతలు, గోధుమను గిడసబార్చే వైరస్‌కు పన్నెండు. మధ్యాహ్నాల్లో ఆ గదిలో ఆమెకు గోడలు కనుమరుగయ్యేవి, గీతలు నీటి మీద దీపాల్లా తేలేవి. అందరూ ఆమెను గీతలమ్మ అన్నారు.

పదకొండో నెలలో, ఉద్యోగం ఖాయం కావలసిన వారంలో, ఒక గొర్రె నమూనాలో పన్నెండు గీతలు కనిపించాయి. కొత్త వైరస్ అని భావించిన సంచాలకులు, మందలోని నలభై ఒక్క గొర్రెలనూ చంపాలని ఉత్తర్వు రాయించారు. మంద యజమానురాలు వరండాలో నిలబడి ఉన్నారు.

గీతలమ్మ చీకటి గదిలోకి తిరిగి వెళ్లి, కలలో నడుస్తున్నట్టు, గీతలను మళ్లీ లెక్కించారు. తరువాత నమూనా గొట్టాల పెట్టె తెరిచారు. గొర్రెకు ‘గొ’, గోధుమకు ‘గో’ అని రాయడం ఆమె అలవాటు. ‘గొ’ అని ఉన్న గొట్టం అడుగున ఆకు రసపు పచ్చని మడ్డి కనిపించింది.

“సార్, తప్పు నాదే. మీరు చూసింది గోధుమ.”

“గొర్రె గోధుమెలా అయిందమ్మా?”

“దీర్ఘం ఒకదానికి పెట్టబోయి ఇంకోదానికి పెట్టాను సార్.”

పక్కనున్న స్టోర్‌కీపర్ ఊరుకోలేదు. “నీ ఒక్క గీటుకి నలభై ఒక్క తలకాయలు ఎగిరిపోయేవి కదే తల్లీ!”

“ఇది కాగితం మీద రాసిచ్చావంటే ఈ వారం నీ ఉద్యోగం ఖాయం కాదు. తెలుసా?” అన్నారు సంచాలకులు.

“తెలుసు సార్. ముందు ఆ ఉత్తర్వు ఆపండి. ఆవిడ బయటే ఉన్నారు.”

మరుసటి పరీక్షలో గొర్రె నమూనా పది గీతలు చూపింది. ఉత్తర్వు రద్దయింది. తొమ్మిది గొర్రెలు నీలినాలుక జబ్బుతో చనిపోయాయి, ముప్పై రెండు కోలుకున్నాయి. ఆమెకు మెమో అందింది. ఉద్యోగం ఏడాది ఆలస్యంగా ఖాయమైంది.

అనంతరం ఆమె పన్నెండేళ్లు శిలీంధ్ర విభాగాన్ని నడిపారు. చెట్ల బెరడును తినే బూజును నీరసపరిచే వైరస్‌కు పదకొండు గీతలు. ఆదివారం కునికిపాట్లలోనూ ఆమె పెదవులు లెక్కపెడుతుంటే కూతురు భుజం తట్టి, “పదకొండూ అయిపోయాయమ్మా, ఇక పడుకో” అనేవారట.

గత నెలలో కార్యాలయం ఆ పాత మెమోను తొలగిస్తామంది. “ఉండనివ్వండి, జరిగిందే కదా” అన్నారామె.

చూపు చెదరక, నడక తడబడక, మధ్యాహ్నాలన్నీ తనవే అయి, ఇంటివారి నడుమ ఆమె చిరకాలం చల్లగా ఉండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. నిన్న సాయంత్రం నాలుగు గంటలకు కార్యాలయంవారు ఆమె సర్వీసు పుస్తకాన్ని ముగించి సంతకాలు చేశారు. మెమో పదమూడో పేజీలో ఉంది.