గంగారాం అని పిలిస్తె ఎందరు పలికిండ్రో

"అవ్వా, తాత చెరుకు బండి మీదికెల్లి పడ్డప్పుడు దవాఖానల నువ్వే ఉన్నవట గదా?"

నేను గాకుంటె ఎవలుంటరే మల్ల? మీ తాత ఎడపల్లికెల్లి బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలుతుండె. గా దినం ఎదురుంగ లారీ హారన్ గొట్టె, ఎద్దులు బెదిరె, బండి కాల్వగట్టు మీదికెల్లి బోర్లవడె. ఎద్దులకు ఏం గాలే, సూడు. దర్జాగ చెరుకాకు మేసుకుంట నిలవడ్డయట. మీ తాతకే తలకాయకు దెబ్బ దాకి తెలివి తప్పింది. జీపుల ఏసుకొని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోయిండ్రు. గప్పుడు మీ బాపు నా కడుపుల ఉన్నడు, ఆరో నెల... కాదు కాదు, ఏడో నెల. చింతపండు మీద మస్తు పానం గుంజుతుండె... ఏం జెప్తున్న? ఆఁ, దవాఖాన.

గిప్పటి లెక్క ఐసీయూలు, టిక్కు టిక్కుమనే మిషన్లు యాడియి? సీరస్ రూము అంటుండ్రి. ముక్కుకు గాలి గొట్టం, చెయ్యికి గ్లూకోస్ సీస. డాక్టరు సారు సూసి, "కన్ను తెరిస్తేనే ధైర్యం చెప్తానమ్మా" అన్నడు. గది ఇనంగనే మా అత్త గోడకు ఒరిగి కూసున్నది. నాకు ఏడ్పు గూడ రాలే, మంచం పక్కన కూసున్న.

నర్సమ్మ మలయాళపామె, తెలుగు వచ్చీరానట్టు మాట్లాడుతది. "ఊరికే కూర్చోకు. పేరు పెట్టి పిలువు. కన్ను మూసినా చెవి వింటది" అన్నది.

పేరా! మొగని పేరు ఆడది నోట్లెకెల్లి తీస్తదా గప్పుడు? జనాభా లెక్కలోళ్లు వచ్చినా పక్కింటామెతోని చెప్పిస్తుంటిమి. "నాతోని కాదమ్మా, మా అత్తను పిలువమను" అన్న. మా అత్త సంగతి సూడు ఇగ! కొడుక్కు ఆమె మామ పేరే పెట్టుకున్నరాయె. మామ పేరు కోడలెట్ల పలుకుతది? పుట్టినకాడికెల్లి "మా పిలగాడు" అనుడే. ఇద్దరం ఒకల మొకం ఒకలం సూసుకున్నం. మనిషి గట్ల పడి ఉన్నడు, మాకేమో సిగ్గు!

"ఓ మా ఆయనా" అని సన్నగ అన్న.

"ఎవరి ఆయన? ఇక్కడ అందరూ ఎవరో ఒకరి ఆయనే!" అని నర్సమ్మ నెత్తి కొట్టుకున్నది.

పక్క మంచం కాడ బోధన్ బీబమ్మ ఉన్నది, మొగనికి తోడు. గల్లీ గల్లీ తిరిగి గాజులమ్ముతది, ఆమె ఒర్రితె అటు గల్లీకి గూడ వినవడతది. నా పరేషాన్ సూసి, "నేను పిలుస్త బేటీ, నాకేం శరం? పేరు చెప్పు" అన్నది. అరె, ఆమెకన్న చెప్పాలె గదా, గది గూడ నోట్లెకెల్లి రాలే! గంగ అని గిలాసల నీళ్లు సూపెట్టిన, రాముడని బాణం ఏసినట్టు చేసిన.

"పానీ... గంగా... తీర్? గంగాతీర్?" బాణాన్ని వాండ్లు తీర్ అంటరు లే.

"కాదు బీబమ్మా, దేవుడు, దేవుడు!"

"అచ్ఛా, గంగారాం!"

ఇగ గాజులమ్మే గొంతు తీసి "ఓ గంగారామూ!" అని ఒర్రింది. గాలి సిలిండరు నూకుకుంట వస్తున్నాయన "ఆఁ, ఏందమ్మా?" అని ఆగిండు. వరండల బీడి తాగేటాయన "నేనే, ఎవలు పిలిచింది?" అని తొంగి సూసిండు. మూల మంచం ముసలాయన, పొద్దుగాల్నుంచి ఉలుకు పలుకు లేనాయన, కండ్లు తెరిసి "ఓయ్" అన్నడు. ఆయన బిడ్డ ఉరికొచ్చి బీబమ్మను అలుముకున్నది! మన జిల్లల గంగారాంలకు కరువా? మా ఆయన ఒక్కడే పలుకలే.

నవ్వొస్తుందా? నాకూ వచ్చింది. నవ్వి నవ్వి, గా నవ్వులనే దుఃఖం ఎగదన్నింది. కడుపుల ఉన్నోడు తన్నుతుంటె మంచం పట్టుకొని, "గంగారాం! లెవ్వు గంగారాం! గీ పోరన్ని నేనొక్కదాన్నే ఎట్ల సాదుత?" అని ఒర్రిన.

మీ తాత రెప్పలు అల్లాడినయి. ఒక్క కన్నే తెరిసిండు. "ఎవలే... నన్ను పేరు వెట్టి పిలిచేది?"

సంబురం లేదు, ఏం లేదు. భయానికి బీబమ్మ దిక్కు ఏలు సూపెట్టిన. "గామె!" అన్న. ఆమె గూడ "హా భయ్యా, నేనే" అన్నది. అల్లా ఆమెను సల్లగ సూడాలె.

మీ తాత మల్ల కన్ను మూసిండు. ఎనుకకు తిరిగి సూస్తె, నీళ్లకు పోయిన మా అత్త దర్వాజ కాడ నిలవడ్డది. అంత ఇన్నది. నా పని అయిపోయిందనుకున్న. ఆమె వచ్చి నా గదుమ పట్టుకొని మొకం పైకెత్తింది. "మల్ల నిద్రపోతున్నడే... పిలువు బిడ్డా. గట్టిగ పిలువు" అన్నది.

పిలిచిన. పొద్దుగూకె దాక పిలిచిన. సిలిండరాయన చేతులు జోడించి, "అక్కా, నా పేరు నేను మార్చుకుంట గాని, జర ఆగు" అన్నడు. తెల్లారి మీ తాత గంజి అడిగిండు, ఉప్పు తక్కువైందని నర్సమ్మ మీద అలిగిండు. "ఇక ఫికర్ లేదు" అన్నడు డాక్టరు సారు.

ఇంటికొచ్చినంక మల్ల ఏమయ్యా, ఓయయ్యా అనుడే, ఏం జేస్తం... నువ్వేమో నీ మొగన్ని "ఒరేయ్" అంటవట గదనే? అను బిడ్డా, అను. వాడు నూరేండ్లు "ఆఁ" అని పలుకాలె, నువ్వు నూరేండ్లు పిలువాలె... సల్లగుండుండ్రి...