పసిపిల్ల తోసినా తెరుచుకునే తలుపు

సమన్లలో రాసిన పేరు నాదే. ఆ పేరుతో పిలిస్తే మాత్రం నేనే చప్పున పలకను. ఫ్యాక్టరీలో అందరికీ సోడాపిన్నిని. వయసు యాభై రెండు. వృత్తి, రేవు పక్కనున్న చేపల ప్యాకింగు ఫ్యాక్టరీలో పనివాళ్ల బట్టలు సోడా వేసి ఉతకడం. ఇరవై ఆరేళ్ల సర్వీసు. కార్మిక సంఘానికి సహాయ కార్యదర్శిని. "అది అడగలేదు" అని మేజిస్ట్రేటుగారు అన్నారు. అడక్కపోయినా రాయించమని కోరాను.

నా మీద ఆరోపణ ఇది: ఈ నెల పద్నాలుగో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలకు మేనేజరుగారిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి తలుపు మూసి, ఏడు నిమిషాలపాటు ఆయన్ని చంపబోయానని. జరిగింది జరిగినట్టు చెబుతాను. అయితే కథ గురువారం మొదలవలేదు. మంగళవారం మొదలైంది.

మంగళవారం ఉదయం ఏడింటికి, కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు పేర్చే పెద్దాయన రేవు కింద ఇసుకలో శవమై కనిపించాడు. ఎప్పుడూ పాడుతూ ఉండేవాడని అతన్ని రేడియో అనేవాళ్లం. సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి, తాగి, రేవు మీంచి జారి నీళ్లలో పడ్డాడని మేనేజరుగారు చెప్పారు. పోలీసు ఇన్‌స్పెక్టరుగారు అదే రాసుకున్నారు. రేడియో తాగడు. తాగుబోతులా తూలి మమ్మల్ని నవ్వించేవాడు, అది వేరు. పైగా శవం ఒంటి మీద రెండు స్వెట్టర్లున్నాయి. నడి ఎండాకాలంలో సముద్రపు ఒడ్డుకు షికారు వెళ్లే మనిషికి రెండు స్వెట్టర్లెందుకని అడిగాను. "చలి వేసి ఉండవచ్చును" అని రాశారు. ఆ కాగితం కోర్టువారి దగ్గరే ఉంది. అది రాస్తున్నంతసేపూ ఇన్‌స్పెక్టరుగారు చెమట తుడుచుకుంటూనే ఉన్నారు.

ఇక్కడ మేకు సంగతి చెప్పాలి. కోల్డ్ స్టోరేజీ తలుపుకు లోపలి పిడి విరిగి ఎనిమిది నెలలైంది. బయట గడియ పడితే లోపలివాళ్లు తీసుకోలేరు. బాగుచేయించమని సంఘం మూడుసార్లు రాసింది. పిడి బిగించడానికి తీరిక లేని యాజమాన్యానికి, పనిలో పాటలు పాడరాదని నోటీసు అంటించడానికి మాత్రం తీరిక దొరికింది. అందుకని తలుపు పక్క గోడకు మేమే ఒక మేకు కొట్టుకున్నాం. లోపలికి వెళ్లేవాళ్లు తమ టోపీ దానికి తగిలించి వెళ్లాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. టోపీ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. ఇది ప్యాకింగు ఆడవాళ్లకు తెలుసు, ఊడ్చేవాళ్లకు తెలుసు, లారీ డ్రైవర్లకు తెలుసు. మేనేజరుగారికి తెలియదు. అటు ఎన్నడూ రాని మనిషికి ఎలా తెలుస్తుంది? సోమవారం గడియ వేసేవాడు సెలవు పెట్టాడు. సాయంత్రం ఆరింటికి గడియ స్వయంగా తానే వేశానని మేనేజరుగారే చెప్పారు, అదేదో త్యాగం చేసినట్టు.

మంగళవారం ఉదయం ఆరున్నరకు నేను మాసిన బట్టలు ఏరుకుంటూ వెళ్లినప్పుడు మేకుకు రేడియో టోపీ ఉంది. తలుపు తీసి చూశాను. లోపల ఎవరూ లేరు. మరిచిపోయాడేమో అనుకుని టోపీ బుట్టలో వేసుకున్నాను. ఆ తర్వాత ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెబుతాను.

మా అల్లుడు పోలీసు శాఖలో డిటెక్టివు. మా అమ్మాయి పోయి నాలుగు నెలలైంది. అప్పట్నుంచీ సెలవులో ఉన్నాడు, మా ఇంట్లోనే ఉంటున్నాడు. పనిలేని డిటెక్టివును ఇంట్లో పెట్టుకోవడం ఎలాంటిదో కోర్టువారికి తెలియదు. కుళాయి ఎవరు వదిలేశారని పొద్దున్నే విచారణ మొదలెడతాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ప్రతి ఆదివారం మా అమ్మాయి బట్టలు బీరువాలోంచి తీసి నా ముందు పెడతాడు. ఎవరూ తొడుక్కోని బట్టలు. నేను ఉతుకుతాను. అతను మడతపెడతాడు. మళ్లీ ఆదివారం తెస్తాడు. మళ్లీ ఉతుకుతాను. దీనికీ కేసుకీ సంబంధమేమిటని మేజిస్ట్రేటుగారు అడిగారు. నేను బట్టల మనిషిని, నాకు తెలిసింది చెబుతున్నాను.

బుధవారం మధ్యాహ్నం రేడియో సంగతి అతనికి చెప్పాను.

"నేను సెలవులో ఉన్నాను అత్తయ్యా" అన్నాడు.

"సెలవు పెట్టింది ఉద్యోగానికా, బుర్రకా?" అన్నాను.

గోడవైపు తిరిగి పడుకున్నాడు. టోపీ సంగతి చెప్పాను. లేచి కూర్చున్నాడు.

"ఆ టోపీ ఇప్పుడెక్కడుంది?"

"దండెం మీద."

"దండెం మీదెందుకుంది?"

"తడిగా ఉంది గనక."

రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "సాక్ష్యాన్ని ఉతికేశారా?"

"ఊరికే ఉతకలేదు. నానబెట్టి ఉతికాను. గంజి కూడా పెట్టాను."

"దాని మీద వెంట్రుకలుంటాయి, చెమటుంటుంది, మరకలుంటాయి అత్తయ్యా!"

"అవన్నీ పోవాలనే కదయ్యా ఉతికేది!"

తర్వాత చెప్పుల కోసం వెతుక్కుంటూ, "ఇక మిగిలింది తలుపు ఒక్కటే. దాన్ని ఉతకలేదు కదా?" అన్నాడు.

"లేదు."

"మీకు పుణ్యముంటుంది, దాన్ని ముట్టుకోకండి."

గురువారం పదకొండింటికి నాతో ఫ్యాక్టరీకి వచ్చాడు. ఉతికిన బట్టల బుట్ట అతని నెత్తిన పెట్టాను, అలా వచ్చాడు. మేనేజరుగారు ఎదురుపడి "ఎవరీ మనిషి?" అన్నారు. "మా అల్లుడండి. బుట్ట మోస్తున్నాడు" అన్నాను. అందులో అబద్ధం లేదు. అప్పుడు ప్యాకింగు ఆడవాళ్లు పద్నాలుగుమంది అక్కడే ఉన్నారు.

మా అల్లుడు బుట్ట దించి, చాలా వినయంగా, "సార్, ఈ తలుపు లోపల్నుంచి రాదంటున్నారు, నిజమేనాండి?" అని అడిగాడు.

"ఎవడు కూశాడు? పసిపిల్ల తోసినా తెరుచుకుంటుంది."

"మా అత్తయ్య కూశారండి."

"మీ అత్తయ్యకు నోరే ఉంది, బుర్ర లేదు. చూడు, నేనే లోపలికి వెళ్తున్నా. ఏయ్ సోడా, తలుపు వెయ్యి!"

వేశాను. గడియ పడింది. అది పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలు. మా అల్లుడు గడియారం చూసి చెప్పాడు.

మొదటి నిమిషం తోసిన చప్పుడు. రెండో నిమిషం తన్నిన చప్పుడు. మూడో నిమిషం నన్ను "అమ్మా" అన్నారు. ఇరవై ఆరేళ్లలో ఆయన నన్ను అలా పిలవడం అదే మొదలు. "గట్టిగా తోయండి సార్, పసిపిల్లలా కాదు" అని ఆడవాళ్లలో ఎవరో అన్నారు. ఎవరన్నారో నేను చెప్పను.

నాలుగో నిమిషానికి మా అల్లుడు "చాలు అత్తయ్యా" అన్నాడు. నేను గడియకు అడ్డంగా నిలబడ్డాను. మా అమ్మాయి పోయిన రోజు ఆసుపత్రిలో ఒక తలుపు బయట ఇలాగే నిలబడ్డాడు అతను. గడియ మీదికి చెయ్యి చాపాడు. నేను జరగలేదు. ఏడో నిమిషంలో నన్ను పక్కకు నెట్టి అతనే తీశాడు. కాబట్టి మొదటి నాలుగు నిమిషాలు పరీక్ష. తర్వాతి మూడూ నావి. వాటిలో మా అల్లుడికి భాగం లేదు. అతను ఆ సాయంత్రమే సెలవు రద్దు చేసుకుని, రేడియో కేసు తిరగదోడమని పైవాళ్లకు రాశాడు. శవాన్ని ఎవరు మోసుకెళ్లారో నాకు తెలియదు. అతను కనుక్కుంటాడు.

ఇప్పుడు మేనేజరుగారు సంతకం చేసిన కాగితాలు రెండున్నాయి. రేడియో తాగి నీళ్లలో పడ్డాడనీ, తలుపు లోపల్నుంచి సులువుగా తెరుచుకుంటుందనీ, నేను స్వెట్టర్ల సంగతి ఎత్తాక మంగళవారం ఇన్‌స్పెక్టరుగారికి రాసిచ్చారు. ఎంత తోసినా, ఎంత తన్నినా తెరుచుకోలేదని గురువారం ఫిర్యాదులో రాశారు. మొదటిది పట్టుకుంటే, తెరుచుకునే తలుపు వెనక ఎవర్నీ బంధించలేరు గనక సాయంత్రానికల్లా ఇంటికి వెళ్లిపోవచ్చని మా లాయరు చెప్పాడు. మంచి సలహాయే. నేను వద్దన్నాను. రేడియోను తాగుబోతును చేసిన కాగితంతో నేను ఇంటికి వెళ్లను. ఆ పద్నాలుగుమందీ రేపు మళ్లీ ఆ గదిలోకే వెళ్లాలి. రెండో కాగితమే నిజం. నేరం ఒప్పుకుంటున్నాను. ఎన్ని రోజులు వేస్తారో వేయండి, కానీ ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోదని తీర్పులో రాయండి. అది రాయకుండా నాకు శిక్ష వేయడం కుదరదు.

గుమాస్తాగారు ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్కచోట తప్ప. నా మీద జాలిపడి "పొరపాటున మూశాను" అని రాశారు. కొట్టేయించి, "తెలిసే మూశాను" అని రాయించాను. కొట్టివేత పక్కన ఒకటి, కింద ఒకటి, రెండు సంతకాలు చేశాను.

(సంతకం)