దానిమ్మ తొక్కల కషాయం

హలో… ఆ, నేనే, అక్కా. ల్యాబ్‌లోనే ఉన్నా. చెప్పు.

…లేదులే, ఎండబెట్టిన దానిమ్మ తొక్కలు పొడి చేస్తున్నా. నీ చేతుల వాపు ఎలా ఉంది?

…ఏం కషాయం?

…ఈ తొక్కలతోనా? రోజుకి రెండు గ్లాసులా?

…రెండూ వద్దు, మూడూ వద్దు. ఆగు. నేను తాగమని ఎప్పుడన్నా?

…ఆ. అన్నాను. ఆ ఆదివారం మీ ఇంట్లో, అన్నం తింటూ. 'మా దానిమ్మ తొక్కల మందుతో వాపు సగానికి సగం తగ్గింది' అన్నా. అది నిజమే, కానీ…

…మనిషికి కాదక్కా.

…ఎలక్కి కూడా కాదు. గాజు గిన్నెలో కణాలకి. కంటికి కనపడవు. వాటికి వాపు గుణం తెప్పించిందీ మేమే, తగ్గించిందీ మేమే.

…నవ్వకు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు వాగాను.

…ఎందుకంటే — పదేళ్లలో మొదటిసారి నా పనేంటని అడిగావ్. చెంచా పక్కన పెట్టి మరీ విన్నావ్. గిన్నె సంగతి చెబితే నీ ముఖం వాడిపోతుందని… మింగేశా.

…ఊఁ. సరే, డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటున్నావ్ కదా?

…అక్కా?

…ఎప్పట్నుంచి మానేశావ్?

…నలభై రోజులా.

…కడుపులో తిప్పుతాయి, తెలుసు. అయినా—

…మళ్లీ మొదలెట్టాలా అన్నది నన్నడక్కు. నన్నింకేదీ అడక్కు. ఇప్పుడే బయల్దేరతా, డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం.

…తిట్టనీ. 'ఎవరు ఆపమన్నారు' అంటే నన్ను చూపించు.

…చూపించవా? చిన్నప్పుడు పలక పగలగొట్టింది నేనైతే దెబ్బలు నువ్వు తిన్నావ్. ఇక చాలు. తప్పు నాదే.

…ఒకసారి బావకి ఫోనివ్వు.

…ఆయన చేతిలోనే ఉందా? నీ చెవి దగ్గర ఆయన పట్టుకున్నారా? ఎందుకు?

…వేళ్లు ముడుచుకోవట్లేదా.

…ఎన్నాళ్లయింది?

…పదిహేను రోజుల నుంచి ఇలా ఉంటే నాకెందుకు చెప్పలేదు?

…నా మందు పనిచెయ్యలేదంటే… నేను బాధపడతాననా.

…లేదు. ఏడవట్లేదు.

…అరగంటలో వస్తా. డాక్టరు చీటీలన్నీ తీసి ఉంచు. తీసి ఉంచమను, బావని. ముందు నువ్వు ఫోన్ పెట్టెయ్.

…

…ఆ. మర్చిపోయా. బావని నొక్కమను.