పిల్లోళ్ల కాటా

ఏందమ్మా భవ్యా, ఆ అట్టపెట్టెలో? తూకం మిషనా? అబ్బో, రొట్టె పెనం మాదిరి ఇంత పల్చగుండాదే! దీని మింద నిలబడితే సాలా, అంకె అదే సూపిస్తాదా? బాగుంది, బాగుంది. రా, ఈడ నీడలో కూర్చో. సార్ కారు వచ్చేంత వరకు ఈ గేటు కాడ నాకూ పని లేదు. రేపే కదా ఆరోగ్య దినం? ఫ్లెక్సీ సూసినాలే. ఆకుకూరలు తినండి, ఆటలు ఆడండి అని ఇంతింత అక్షరాలు. ఆ ఫ్లెక్సీ కట్టనీకి వచ్చినోళ్లకు ఆఫీసులో నుంచి క్రీము బిస్కెట్లు, కూల్‌డ్రింకు పంపినారు. ఆకుకూర పంపితే నిచ్చెన దిగి పారిపోతారని భయమేమో. అది సరే, టీచరమ్మవి, ఆటలు యాడ ఆడిస్తావమ్మా? వరండాలోనా? ఓహో, క్లాసులోనే టీవీ పెట్టి, దాంట్లో ఎవురో ఎగురుతాంటే మన పిల్లోళ్లు బెంచీల సందులో నిలబడి సేతులు ఊపాలనా? మంచిదే. మోచెయ్యి పక్కోని మూతికి తగిలితే వాడు తిరగబడి కొడతాడు. కాసేపు కొట్టుకోనీ, అదన్నా కాస్త వ్యాయామం. సార్‌ను మైదానం అడిగినావా నువ్వు? ఏమన్నాడు? ఉన్నదాంట్లో సర్దుకోమన్నాడా! అంటాడు, అంటాడు. పెద్దోళ్లు ఎప్పుడూ ఉన్నదాంట్లో సర్దుకోమనే సెప్తారు, ఉన్నది వాళ్ల కాడ పెట్టుకోని.

తూకం అంటే మీ సార్ తాత మతికొచ్చినాడు. రంగనాయకులు శెట్టి. నువ్వు సూసుండవులే, ఆయప్ప ఉన్నప్పుడు మీ అమ్మ సంకలో పిల్లవి నువ్వు. ఈ బడి పెట్టింది ఆయప్పే. అంతకు ముందు నుంచి ఆయప్పకు పత్తి మండీ ఉండె. నేను ఆ మండీలో కాటా మనిషిని. పెద్దకడుబూరు నుంచి, కోసిగి నుంచి బండ్లు వస్తాండె. మూట దించితే శెట్టి లేసి వస్తాడు, మూటలో మోసేతి దాకా సెయ్యి పెడతాడు, ఇంత దూది పీకి రెండు బొటనేళ్ల మధ్య సాగదీసి పింజ, అదే దూది పోగు, ఎట్లుండాదో సూస్తాడు. రైతులు తక్కువోళ్లా? రాత్రికి రాత్రి మూట మింద నీళ్లు సల్లుకోని వస్తారు, నడాన రాయి పెట్టి కుడతారు. శెట్టి సెయ్యి మాత్రం నేరుగా పోయి ఆ రాయి మిందనే పడతాది. "ఏమప్పా, మీ సేన్లో పత్తి సెట్టుకు రాళ్లు కాస్తాండాయా?" అంటాడు. రైతు నవ్వుతాడు, శెట్టి నవ్వుతాడు, రాయి మాత్రం పక్కన పడతాది. పట్టుకున్నాడని ఎవురికీ కోపం లేదు, పెట్టినారని ఆయప్పకూ కోపం లేదు. వ్యాపారం అంటే అట్ల ఉండె అప్పుడు.

అట్లాంటోడు బడి పెడితే ఎట్లుంటాది? ప్రతి నెల మొదట్లో మండీ కాటా ఎడ్లబండి మింద ఎక్కించి బడికి పట్టిస్తాండె. దాని వెనక నేను. పిల్లోళ్లందరినీ వరసగా నిలబెట్టి తూకం! పోయిన నెల కంటే బరువు పెరిగినోనికి సప్పట్లు, అందరి కంటే ఎక్కువ పెరిగినోనికి మైసూరుపాకు పొట్లం. అంటే ఏమైందంటావు, లావుగున్నోడే ఇంకా లావైపోయె. సన్నగున్నోనికి ఏముంది? "బాగా తినాలప్పా" అని నీతిపాఠం. పిల్లోడు కాటా ఎక్కేముందు శెట్టి వాని బుగ్గ పట్టుకోని, దూది సాగదీసినట్టే సాగదీసి, "ఊఁ, పింజ బాగుంది" అంటాండె. నేను అబద్ధం సెప్తే నా కండ్లు పోతాయి. ఇంగ తల్లులు? రైతుల కంటే నాలుగాకులు ఎక్కువే సదివినారు. తూకం రోజు పొద్దున్నే పిల్లోనికి అరటిపండ్లు కుక్కి, సెంబుడు నీళ్లు తాపి పంపిస్తాండిరి. ఆ పిల్లోళ్లు వరసలో నిలబడలేక కాళ్లు పెనేసుకోని, ఒక్కొక్కడు ఒక్కో ఆట. ఒంటికి పోయొస్తా అంటే, "తూకం అయినాక పోరా" అని వాళ్లమ్మ గేటు బయట నుంచే అరుపు. ఒకామె అయితే ఇంట్లో ఉండే వెండి పట్టీలన్నీ ఒకే పాప కాళ్లకు తగిలించి పంపె. ఆ పాప నడిసొస్తాంటే జాతరలో గంగిరెద్దు వచ్చినట్టుండె. ఇప్పుడేమో తల్లుల లెక్క తలకిందులాయె కదా? నీ మిషను ఎక్కిస్తావని తెలిసి, రేపు పిల్లోళ్లకు పొద్దున టిఫినే పెట్టరంట. బూట్లు ఇప్పించి, బెల్టు తీపించి ఎక్కిస్తారంట. అప్పుడు ఎక్కువ సూపియ్యాల, ఇప్పుడు తక్కువ సూపియ్యాల. పిల్లోడు ఎట్లున్నాడో మాత్రం అప్పుడూ వద్దు, ఇప్పుడూ వద్దు.

మీ వరుణ్ సార్‌ను, అదే ఆ శెట్టి మనవన్ని, ఇప్పుడు సూసినోళ్లు అప్పుడెట్లుండెనో సెప్తే నమ్మరు. ఇంట్లోనే నడిసే మిషను పెట్టుకున్నాడు, నడుము సూడు ఎట్లుంటాదో. అప్పుడు వానికి, వానికి అంటాండా, సారుకు, తొమ్మిదో పదో ఏండ్లు. శాంతమ్మ, అంటే శెట్టి పెండ్లాము, ఆయమ్మ నెయ్యి డబ్బా పక్కన పెట్టుకోనే మనవనికి అన్నం కలుపుతాండె. పొద్దున ఉగ్గాని, బజ్జీలు. పదింటికి ఓళిగ. మద్యాన్నం అన్నం. సాయంత్రం ఏంచిన సెనక్కాయ బుడ్డలు, బెల్లం. బుడ్డలు మంచియే, వాని కడుపులో సందు ఉంటే కదా! మెట్లు ఎక్కితే కొలిమి తిత్తి మాదిరి రొప్పుతాండె. నెలనెలా మైసూరుపాకు పొట్లం ఆ ఇంటికే పోతాండె. శెట్టి పెట్టిన బహుమానం శెట్టి ఇంటికే. కాటా కూడా ఆయప్పదే, ఎవురు అడుగుతారు?

ఇంతలో, బడికి డ్రిల్లు మాస్టరు ఉండాలని పైనుంచి ఎవురో అంటే, గోనెగండ్ల నుంచి కృపానందం సార్‌ను పెట్టుకున్నారు. ఆ సారూ ఏం తక్కువోడు కాదు. మెళ్లో విజిలు, నోట్లోనూ విజిలే. టీ కావాలన్నా విజిలే ఊదుతాండె. పిల్లోళ్లకు నూనెవి తినొద్దు అని సెప్తాడు, సెప్పి నేరుగా పోయి బజ్జీల బండి కాడ నిలబడతాడు. "సార్, మీరు?" అంటే, "నేను కరిగించేటోన్నప్పా, కరిగేటోన్ని కాదు" అంటాడు. కానీ పిల్లోళ్లను ఆడించేది మాత్రం ఆడించినాడమ్మా. అప్పుడు మైదానం ఈ గేటు కాడ నుంచి ఆ కొత్త బిల్డింగు ఉండాది సూడు, దాని అవతల గోడ దాకా ఉండె. కబడ్డీ అంటాడు, ఖోఖో అంటాడు, ఏమీ లేకుంటే ఊరికే పరిగెత్తండి అంటాడు. వరుణ్ మొదట సగం దూరం పోయి కూలబడె. సార్ తిట్టలా. వాని మెళ్లో విజిలు ఏసి, "నువ్వు ఊదు, వాళ్లు పరిగెత్తుతారు" అన్నాడు. పెత్తనం వచ్చె కదా, వాడు ఊదుకుంట అందరి వెనకాల తిరిగె. తిరిగి తిరిగి వానికే తెలీకుండా పరుగు వచ్చె. ఒకనాడు విజిలు నాకిచ్చి, "ఉరుకుందు తాతా, నువ్వు ఊదు, నేను పోవాల" అని ఉరికినాడు. ఆ మొగం ఇప్పుటికీ నా కండ్లల్లో ఉండాది.

మరి పరిగెత్తినోడు తగ్గడా? తగ్గినాడు. ఆ నెల కాటా ముల్లు కిందికి వచ్చె. శెట్టి మొగంలో రక్తం లేదమ్మా. పత్తి ధర పడిపోయిన నాడు కూడా అట్ల సూడలా నేను. ఇంట్లో శాంతమ్మను తిట్టినాడు. నెయ్యి రెండింతలు ఎయ్యమన్నాడు. డాక్టరు కాడికి తీసకపోయినాడు. ఆ డాక్టరు వరుణ్‌ను సూసి, "పిల్లోడు బంగారం మాదిరుండాడు, శెట్టీ, నువ్వే కాస్త నడువు" అన్నాడంట. ఇంగ ఆ డాక్టరు కాడికి మల్ల పోతే ఒట్టు. నేరుగా బడికొచ్చి మైదానం నడాన కృపానందం సార్‌ను నిలబెట్టి, పిల్లోళ్లందరి ముందర, "నా మనవన్ని అప్పజెప్తే కరిగించి పెట్టినావు. వచ్చే తూకానికి వాడు మల్ల పెరిగినాడా, సరి. లేదంటే నువ్వు గోనెగండ్ల బస్సు ఎక్కు" అన్నాడు. సార్ విజిలు నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలా. పక్కన వరుణ్ నిలబడి వింటాండాడు.

నవ్వద్దమ్మా. శెట్టి పిచ్చోడని నేనూ నవ్వినా అప్పుడు. మనకేం తెలుసు?

మల్ల తూకం రోజు వచ్చె. నేను కాటా సర్దుకుంటాంటే తూకం రాళ్లల్లో కేజీ రాళ్లు రెండు లేవు. ఇనుపవి, మండీ గుర్తు కొట్టినవి. యాడో పడిపోయినాయిలే అనుకుంటి. వరుణ్ వచ్చినాడు. నిక్కరు రెండు పక్కలా పట్టుకోని, కాళ్లు ఎడంగా ఏసి, బాతు మాదిరి. కాటా ఎక్కినాడు. ముల్లు పైకి లేసె. పిల్లోళ్లు సప్పట్లు. కృపానందం సార్ మొగం విప్పారె. శెట్టి కూడా నవ్వబోయినాడు. నవ్వబోయి, అలవాటు కదా, సెయ్యి సాపి వాని బుగ్గ సాగదీసినాడు. నవ్వు ఆగిపోయె. నా పక్కకు తిరిగి మెల్లగా, "రేయ్ ఉరుకుందూ, పింజ సన్నగుండాది, తూకం ఎక్కువుండాది. అయితే నీళ్లన్నా ఉండాల, రాయన్నా ఉండాల" అన్నాడు. వంగి వాని జేబులో సెయ్యి పెట్టినాడు. నలభై ఏండ్లుగా మూటల్లో పెట్టిన సెయ్యి అది. తన సొంత మండీ రాయి తన మనవని జేబులో నుంచి తీసినాడు. ఇంకో జేబులో ఇంకోటి. "ఎందుకురా?" అంటే, ఆ పిల్లోడు ఏడుపు పట్టుకోని, "సార్ పోతాడు కదా తాతా. సార్ పోతే నన్ను ఎవురు పరిగెత్తిస్తారు?" అన్నాడు.

శెట్టి ఆ రాళ్లు తన జేబులో ఏసుకున్నాడు. మల్ల, "ఏదీ, పరిగెత్తు, సూస్తా" అన్నాడు. పిల్లోడు ఒక సేత్తో నిక్కరు పట్టుకోని మైదానం సుట్టూ పోయినాడమ్మా, ఆ గోడ దాకా పోయి, తిరుక్కోని వచ్చి తాత ముందర నిలబడినాడు. రొప్పు లేదు. నవ్వుతాండాడు. శెట్టి వాని రొమ్ము మింద అరసెయ్యి పెట్టి సూసినాడు. సూసి, పిల్లోళ్లున్నారని గూడ సూడకుండా, ఆ కాటా పళ్లెం మింద కూర్చోని ఏడ్సినాడు. ఆ సాయంత్రం నాకు సెప్పినాడు. ఆయప్పకు మొదట ఒక కొడుకంట, ప్రకాష్ అని. ఐదేండ్లప్పుడు జొరం తగిలి, ఎండిన పత్తికట్టె మాదిరి అయిపోయి, పోయినాడంట. "ఎత్తుకోని పోతాంటే సేతుల్లో బరువే లేదు రా ఉరుకుందూ. అప్పుటి నుంచి పిల్లోళ్లు ఎవురు కనపడినా, బరువుండాల, బరువుంటే నిలబడతారు అనుకుంటి. నా ప్రకాష్ ఈ మైదానం ఒక్క సుట్టు తిరిగింటే సాలు రా నాకు" అన్నాడు. ఊరంతా నవ్విన పిచ్చి వెనకాల ఒక పసిపిల్లోడు ఉన్నాడని ఎవురికి తెలుసు.

తెల్లారి కాటా మండీకి పోయె, మల్ల బడికి రాలా. కృపానందం సార్ రిటైరు అయ్యేంత వరకు ఈడనే విజిలు ఊదినాడు. శెట్టి పొద్దున్నే వచ్చి గేటు కాడ నిలబడి పిల్లోళ్ల పరుగు సూసి పోతాండె. తానూ రెండు సుట్లు నడుస్తాండె. మైసూరుపాకు మాత్రం మానలా, అది సెప్పుకోవాల. మైదానం నడాన నిలబడి, కొడుకును, మనవన్ని, నన్ను, అందరినీ పిల్సి, "నేను పోయినాక కూడా ఈడ గోడ లేవకూడదు" అన్నాడు. వరుణే అందరి కంటే ముందు సరే తాతా అన్నాడు. అన్నాడు కదా. బెంగళూరు పోయి పెద్ద సదువు సదివి వచ్చి, ఏమో, ఎన్ని సీట్లు, ఎన్ని గదులు అని లెక్కేసి, అదిగో, మూడంతస్తులు. తప్పు పట్టేదేముంది? కింది గోడ మింద పరిగెత్తే పిల్లోని బొమ్మ ఏపిచ్చినాడు కదా, రంగులు బాగుండాయి. ఆ పిల్లోడు అలిసిపోడు, పడిపోడు, మైదానం కావాలని అడగడు. అట్లాంటి పిల్లోడైతే ఎవురికైనా ముద్దే.

మండీ మూసిన నాడు సామాన్లు పాత ఇనుము కొనేటోనికి ఏస్తాంటే, శెట్టి గల్లాపెట్టెలో ఆ రెండు రాళ్లు ఉండె. డబ్బులు పెట్టే తావులో పెట్టుకున్నాడు ఆయప్ప. "ఇయ్యేంది, ఇయ్యి కూడా ఎయ్యండి" అన్నాడు మీ సార్. ఒకటి ఏసేసినారు. ఇంకోటి నేను అడుక్కున్నా. యాడుందంటావా? నీ కాలి కాడనే ఉండాది సూడు, గేటు గాలికి కొట్టుకోకుండా పెట్టింది. రోజూ దాని పక్క నుంచే కారు పోతాది, వస్తాది. ఎత్తు, ఎత్తి సూడు. బరువుండాదా? ఇంకో జేబులో ఇట్లాంటిదే ఇంకోటి ఏసుకోని పిల్లోడు ఎట్ల నడిసినాడో అనుకో.

ఆ... హారను. వచ్చె. ఉండు, గేటు తీస్తా. లేదు లేదు, రాయి కింద పెట్టద్దు. ఎనక్కి దాయద్దమ్మా, సేతిలోనే పట్టుకో. అట్లనే నిలబడు.

నమస్తే సార్. ఏం లేదు సార్, రేపటి తూకం గురించి పాప అడుగుతాంటే సెప్తాండా.

ఏది సార్, ఆ పాప సేతిలోదా?

మీదే సార్.