నాలుగో గది అంకె

నా వయసు ముప్పై నాలుగేళ్లు. కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నాను. ఇన్‌స్పెక్టరు గారు అడిగిన మీదట ఈ కింది సంగతులు చెబుతున్నాను.

మా బావ, అంటే మా అక్క భర్త, పళ్ల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. అక్కడ పళ్లు చెడకుండా గదుల్లో ఆక్సిజన్ తగ్గించి ఉంచుతారు. ఏ గదిలో ఎంత ఉందో ఒక లినక్స్ కంప్యూటర్ చూపిస్తుంది. ఈ ఉదయం అది ఆన్ కావడం లేదని బావ ఫోన్ చేస్తే వెళ్లాను. ఆఫీసు గది చల్లగా ఉంది. బావ తన మఫ్లరు తీసి నా భుజాల మీద వేశాడు.

స్విచ్ వేస్తే తెల్ల అక్షరాలు పరుగెత్తి, మధ్యలో ‘కెర్నల్ పానిక్’ అని వచ్చి ఆగిపోతోంది. కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రామే కెర్నల్; అది నడవలేకపోతోందని అర్థం. పాత కెర్నల్‌తో చూశాను. ఆగిపోయింది. నా పెన్‌డ్రైవ్‌తో చూశాను. అదీ ఆగిపోయింది. అంటే తప్పు డిస్కుది కాదు. ర్యామ్, అంటే మెమరీ కార్డుల మీద అనుమానం వచ్చి డబ్బా విప్పాను.

అప్పుడు మేనేజరు వచ్చి, “లారీ ఎంతసేపని నిలబెట్టను? నాలుగో గదిలోకి నిన్ననే మామూలు గాలి వదిలాం కదా!” అన్నారు.

“ఇది లేచేదాకా ఆగొచ్చుగా బావా,” అన్నాను.

“నీ చేతిలో పడ్డాక అది లేచినట్టే! నువ్వు దాన్ని లేపేలోగా నేను సరుకు చూసి వచ్చేస్తా, పందెం,” అన్నాడు. నవ్వుతూనే నాలుగో గదికి వెళ్లాడు. చలి బయటికి పోకుండా తలుపు దగ్గరగా వేసుకున్నాడని తరవాత తెలిసింది.

నేను ర్యామ్ కార్డుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచాను. ఒకటి తీసేసి, రెండోదానితో స్విచ్ వేశాను. అక్షరాలు పరుగెత్తాయి. ఈసారి ఆగలేదు. గదుల పట్టిక వచ్చింది.

“బావా, లేచింది!” అని అరిచాను. ముందు అరిచాను. చదవడం ఆ తరవాత. నాలుగో గది దగ్గర ఎర్రగా ‘ఆరు’ అని ఉంది. మామూలు గాలిలో ఆక్సిజన్ ఇరవై ఒక శాతం ఉండాలి.

పరుగెత్తాను. తలుపు బార్లా తెరిచి, గొట్టంతో గాలి కొట్టి, లారీ డ్రైవరూ మేనేజరూ బావని బయటికి లాగారు. గుండె మీద నొక్కుతూనే ఉన్నాం. డాక్టరు వచ్చి, ఇక ఆపమన్నారు. నేను వెంటనే ఆపలేదు.

పాడైన ర్యామ్ కార్డు నా జేబులోనే ఉండిపోయింది. ఇప్పుడు అప్పగిస్తున్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ‘మృతుడు’ అని రాసిన ప్రతిచోటా ‘మా బావ’ అని మార్చమన్నాను. మార్చారు. ఇప్పుడు ఇది నేను చెప్పినట్టే, జరిగింది జరిగినట్టే ఉంది.

(సంతకం)