ఎవరి తూటా

మోంటానాలో నవంబరు, వేట సీజను చివరి వారం. పొద్దున్నే వచ్చిన కూతురు లోర్నా వంటింటి బల్ల మీద ఏదో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీ పోస్తున్న హర్లన్ అటు చూసి ఆగిపోయాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"తూటా."

"అది నాకూ కనపడుతోంది. ఎవరిదని అడుగుతున్నా."

"తూటాకి పేరుంటుందా తల్లీ? కాఫీలో పాలు పొయ్యనా?"

"పాల సంగతి తర్వాత. ఇది నీ పాత తుపాకీలో తప్ప ఇంకెందులోనూ పట్టదు. నిన్న కొండ మీంచి ఆ తుపాకీ మా పికప్‌లోనే వచ్చింది, వెనక సీటు కింద పెట్టెలో. ఇది దాని కడుపులో పడుకుని వచ్చింది."

"వస్తే వచ్చింది. పెట్టెకి తాళం వేశాంగా."

"అబ్బో. తాళం వేస్తే చాలని చెబుతున్నదెవరు? ఈ ఊళ్ళో సగం మంది పిల్లలకి తుపాకీ పట్టుకోవడం నేర్పిన హర్లన్ మాస్టారేనా?"

"మాస్టారు రిటైరయ్యాడు."

"నోరు రిటైరవలేదుగా. చెప్పు, బండెక్కే ముందు ఏం చెయ్యాలి?"

"నన్నే అడుగుతున్నావా?"

"చెప్పు నాన్నా, ఊరికే, సరదాకి."

"తుపాకీ గడియ, అదే బోల్టు, వెనక్కి లాగాలి. తూటాలన్నీ తీసెయ్యాలి. లోపల కళ్ళతో చూడాలి, చీకటైతే వేలు పెట్టి చూడాలి. తుపాకీ పెట్టెలో, తూటాలు ముందు సీటు దగ్గర అరలో. దేని తాళం దానికి."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, బండి తోలడమే."

"మధ్యలో ఒకటి మింగేశావు."

"ఏం మింగాను?"

"నాన్నా."

"సరేలే. పక్కవాడికి చూపించాలి. ఖాళీయేనని వాడు చూసి తలూపేదాకా బండి తాళం తిప్పకూడదు."

"బాగానే గుర్తుందే. మరి ఇదేంటి?"

"మర్చిపోయాను. డెబ్భై దాటాయి. మనిషన్నాక మర్చిపోడా?"

"అయితే నిన్న పాత తుపాకీ మోసింది నువ్వేనా?"

"నేనే."

"మరి నీ కొత్త తుపాకీ?"

"అదీ నేనే."

"రెండూ నువ్వే మోస్తే మా ఆయన ప్రెస్టన్ ఏం మోశాడు?"

"శాండ్‌విచ్‌ల సంచి. చికాగోలో పియానో పాఠాలు చెప్పుకున్న అల్లుడుగారికి ఇంకేం ఇస్తాం?"

"మోకాళ్ళ నొప్పులని మా ఇంటి మెట్లెక్కవు. కొండ మీద రెండు తుపాకులు మోశావు."

"చల్లగాలికి నొప్పి తెలీలేదు."

"ఆ తుపాకీ పట్టీ చూశాను. ఎప్పుడూ ఉండేదానికంటే నాలుగు కన్నాలు పొడుగు చేసి ఉంది. మన ఇంట్లో అంత పొడుగు మనిషి ఎవరబ్బా?"

"చలికోటు లావుగా ఉంది. దాని మీద నుంచి తగిలించుకోవద్దూ?"

"ఎంత లావు నాన్నా? గుర్రానికి తగిలించినట్టుంది."

"నువ్వు పోలీసుల్లో చేరాల్సింది. నేనే వద్దన్నా."

"నవ్వించకు. వెనక సీటు మీద మా కుక్క పెన్నీ పడుకుని ఉంది. ముందు సీట్లో మీ ఇద్దరి వీపులూ ఉన్నాయి. దారంతా గుంతలు. ఏ గుంతలోనో బండి ఎగిరిపడి ఇది పేలుంటే, నాకు కుక్కా మిగలదు, మొగుడూ మిగలడు, నువ్వూ మిగలవు."

"తప్పే."

"ఏంటీ, వినపడలేదు."

"తప్పేనన్నాను. నూటికి నూరు పాళ్ళూ తప్పే. నాదే."

"అయితే మనింటి రూలేంటి?"

"ఏ రూలు?"

"పన్నెండేళ్ళప్పుడు నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన రూలు. తూటా వదిలేసినవాళ్ళకి ఆ సీజనంతా వేట లేదు. అమ్మ ఎంత బతిమాలినా నువ్వు విన్నావా?"

"ఒప్పుకున్నాగా. శనివారం నేను రాను. మీ ఇద్దరూ వెళ్ళండి."

"ఆఖరి శనివారం మానేస్తావా? పెళ్ళయిన మర్నాడు కూడా మానలేదని అమ్మ పోయేదాకా దెప్పేది."

"ఈసారి మానేస్తా. టీవీలో ఫుట్‌బాల్ చూస్తా."

"నీకు ఫుట్‌బాల్ పడదుగా."

"అలవాటు చేసుకుంటా."

"అంత కష్టం ఎందుకులే. ప్రెస్టన్‌కి ఫోన్ చేస్తా. ఎవరేం మోశారో తనే చెబుతాడు."

"ఫోన్ కింద పెట్టు."

"ఒక్క నిమిషం పని."

"లోర్నా, కింద పెట్టు. వాణ్ణి అడగొద్దు."

"ఎందుకో?"

"మోసింది వాడే."

"అలా రా దారికి."

"మోసింది వాడే, కానీ తూటా నాదే. పూర్తిగా విను. బండి దగ్గర వాడు బోల్టు లాగాడు. ఒకటి బయటపడింది, అంతే అనుకున్నాడు. తుపాకీలోనే కింద అరలో ఇంకోటి ఉండిపోయింది. బోల్టు మూసేసరికి అది పైకెక్కి కూర్చుంది. కొత్తవాళ్ళంతా చేసే తప్పే. అందుకేగా పక్కవాడు చూడాలనేది. వాడు నాకు చూపించాడు. నేను చూడకుండానే తలూపాను."

"నువ్వా? చూడకుండా?"

"అప్పుడు నవ్వుతున్నా."

"ఏంటీ?"

"నవ్వుతున్నానమ్మా. కొండ దిగుతూ ఎవరో ముసలావిడ సంగతి చెప్పాడు, వాడి దగ్గర పాఠాలకొచ్చేదట. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని వాయించేదట. పియానో మీద తప్పు మెట్టు నొక్కితే ఆ పిల్లి లేచి వెళ్ళిపోయేదట. వీడు పిల్లిని చూసి మార్కులు వేసేవాడట. నాకు కళ్ళనీళ్ళొచ్చేశాయి. ఆ నీళ్ళలో నాకేం కనపడుతుంది?"

"మా పెళ్ళయి ఏడేళ్ళు. ఒక్కనాడైనా అతని మాటకి నీ పెదవి కదిలిందా?"

"అదే చెబుతున్నా."

"అయినా నన్ను కూర్చోబెట్టావుగా. నాకొక న్యాయం, మీ అల్లుడికొక న్యాయమా?"

"నిన్ను కూర్చోబెట్టినా, మరుసటి ఏడాది నాకంటే ముందే బండెక్కి కూర్చుంటావని తెలుసు. వీడికిది మొదటి సీజను. ఇప్పుడు ఆపితే మళ్ళీ కొండ ముఖం చూడడు. నాకు వాడు రావాలమ్మా. మీ అమ్మ పోయాక అంతలా నవ్వింది నిన్ననే. ఈ ఒక్కసారికి తూటా నాదనుకో. తూటా మిగిలిపోయిన సంగతి వాడికి తెలీనివ్వకు. మాటివ్వు."

"ఎలా ఇవ్వను నాన్నా? ఇది నాకు దొరకలేదు. రాత్రి తుపాకీ తుడుస్తుంటే బయటపడిందని మీ అల్లుడే తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'మావయ్య సరిగ్గానే చూశాడు, నేనే తర్వాత ఏదో చేసుంటాను, మిగతా సీజనంతా ఇంట్లో కూర్చుంటా, ఆయన్ని మాత్రం ఒక్క మాట అనకు' అని ఒట్టేయించుకున్నాడు. శనివారం మీ ఇద్దరూ ఇంట్లో కూర్చుని ఒకళ్ళ తప్పు ఒకళ్ళు మోసుకోండి. కొండకి నేనొక్కదాన్నే వెళ్తున్నా."